కామాచారి ఉయ్యాల పడవెక్కిన కథ

అనగనగా గోదారి గట్టున ఒక ఊరర్రా. ఆ ఊళ్ళో కామాచారి అని ఒక వడ్రంగి. భార్య పోయింది. కొడుకేమో రథాలు చెక్కుతూ ఊరూరా తిరుగుతుంటాడు. ఇంట్లో ఉండేది ముసలాయనా, కోడలు వీరనాగమ్మాను. కూతురు బంగారమ్మని ఎగువన కొండల మధ్య ఊరికిచ్చారు. బండి దారి లేదు, వెళ్తే పడవ మీదే వెళ్ళాలి. ఊ కొడుతున్నారా?

ఆ బంగారమ్మకి కొడుకు పుట్టాడు. తల్లి లేని పిల్ల కదా, పురుడు అత్తారింట్లోనే పోశారు. బారసాలకి పుట్టింటి ఉయ్యాల రావాలని కబురొచ్చింది. కామాచారి ఆ ఊరి మొహం చూసి ఏళ్ళయింది. పెళ్ళిలో ఆయన చేసిచ్చిన పందిరిమంచం మీద వియ్యంకుడు కూర్చుని, ఇది కిర్రుమంటోందే అన్నాడు, నలుగురిలోనూ. అంతే. నీ గడప తొక్కనని వచ్చేశాడు ఈయన.

ఇప్పుడు నా పనేమిటో చూపిస్తానని టేకు దుంగ తీశాడు. చిలకలు చెక్కాడు, చిలకల కింద లతలు చెక్కాడు, లతల కింద ఏనుగులు చెక్కాడు. ఎత్తు పెంచాడు, వెడల్పు పెంచాడు. పుట్టింది ఒక్కడు, పట్టేది నలుగురు! వీరనాగమ్మ చూస్తూనే ఉంది. పని మధ్యలో మాట పడదు ఆయనకి, అందుకని ఊరుకుంది.

బారసాల ముందురోజు పొద్దున్నే ఉయ్యాలని రేవుకి మోయించారు. పడవ నిండుతోంది. బియ్యం బస్తాలెక్కాయి, బస్తాల మీద బెల్లం బుట్టలెక్కాయి, బుట్టల పక్కన ఉప్పు కుండలెక్కాయి, కుండల పక్కన మనుషులెక్కారు, మనుషుల ఒళ్ళోకి పిల్లలెక్కారు. ఆ పైన వచ్చింది ఉయ్యాల. పడవ నడిపే గంటయ్య అటు తిరిగి చూశాడు, ఇటు తిరిగి చూశాడు. దీనికి అరపడవ కేవు అవుతుందన్నాడు. కేవంటే పడవ కూలి, అప్పట్లో ధాన్యం కొలిచేవాళ్ళు. ఆయనడిగింది కొలిస్తే వీళ్ళ గాదె అడుగు కనపడుతుంది.

"ఇద్దరు మోసుకొచ్చారయ్యా దీన్ని. ఏం బరువుందని?" అన్నాడు కామాచారి.

"బరువు సంగతి కాదు ఆచారిగారూ. ఇది కూర్చుంటే బస్తాలు దిగిపోవాలి. వాటి కేవు నాకెవరిస్తారు?"

"లోపలంతా ఖాళీయే కదా."

"ఆ ఖాళీకే చోటు లేదు నా పడవలో."

గంటయ్య చెడ్డవాడేం కాదు, ఉన్నమాటే అన్నాడు. ఇంకో పడవ లేదు. ముసలాయన మెట్టు మీద కూలబడ్డాడు.

వీరనాగమ్మకి బంగారమ్మ మనసులో మెదిలింది. తను కొత్తకోడలుగా బెరుకుబెరుగ్గా వచ్చిననాడు, దగ్గర కూర్చోబెట్టుకుని జడేసింది ఆ పిల్లే. ఇంక ఊరుకోలేకపోయింది.

"మావయ్యా, దీంట్లో ఇనప మేకు ఒక్కటైనా ఉందా?"

"నా పనిలో మేకేమిటి? అన్నీ చెక్క చీలలే."

"అయితే ఊడదీస్తే పలకలే కదండీ. పలకలకి ఎంత చోటు కావాలి?"

"కట్టెలమోపు పంపానంటాడు ఆ వియ్యంకుడు."

"మోపు పంపితే అంటారు. మీరే వెళ్ళి బిగిస్తే ఏమంటారు?"

నేను వెళ్ళనన్నాడు. ఆ ఊళ్ళో వడ్రంగి లేడు, మీ అబ్బాయి ఇంట్లో లేరు, ఇంకెవరు బిగిస్తారని అడిగింది. ఆయన గోదారి వైపు మొహం తిప్పుకున్నాడు. అప్పుడు మెల్లిగా అంది, "బంగారానికి అమ్మ లేదు మావయ్యా. ఉయ్యాల వచ్చి, మనిషి రాకపోతే, అది ఉయ్యాల వంక చూస్తుందా, రేవు వంక చూస్తుందా?"

ఆయన లేచి ఉయ్యాల దగ్గరికెళ్ళి, చిలకల మీద చెయ్యేసి నిమిరాడు. గంటయ్య తొందర పెట్టలేదు. చివరికి ఆచారి, ఇంటినించి చెక్క సుత్తి తెమ్మన్నాడు కోడల్ని. చీలలు ఊడాయి, చిలకల పలక ఊడింది, లతల పలక ఊడింది, ఏనుగుల పలక ఊడింది. గోనెపట్టా చుడితే బస్తాల సందులోకి సుళువుగా దూరాయి. చీలల మూట ఒళ్ళో పెట్టుకుని ఆచారి పడవ చివర కూర్చున్నాడు. గంటయ్య ఒక మనిషి కేవు, పలకలకి ఇంకాస్తా పుచ్చుకున్నాడు. వింటున్నారా, నిద్రపోయారా?

అక్కడ రేవులోకి వియ్యంకుడొచ్చాడు. పలకలు దింపుకుంటున్న ఈయన్ని చూసి, సగం తన భుజానికెత్తుకున్నాడు. మంచం మాట ఆయనా ఎత్తలేదు, ఈయనా ఎత్తలేదు. ఇంటికెళ్ళి చూస్తే ఏముంది? పురిటిగది గుమ్మం ఎంత ఇరుకంటే, బిందె చంకనెట్టుకుంటే పక్కకి తిరిగి దూరాలి. ఆ ఉయ్యాల అట్లాగే తెచ్చుంటే వీధరుగు మీదే ఉండిపోయేది.

కామాచారి గదిలోనే కూర్చుని బిగించాడు. వియ్యంకుడు పలకలు పట్టుకున్నాడు. ఆఖరి చీల దిగాక, బంగారమ్మ పిల్లాణ్ణి తెచ్చింది, కొత్త ఉయ్యాల్లో వెయ్యలేదు. ముందు తన తండ్రి ఒళ్ళో పెట్టింది. ఆయన ఆ రేవులో ఎన్ని పడవలొచ్చి వెళ్ళినా ఎక్కలేదు. వర్షాలు మొదలయ్యాకే ఇల్లు చేరాడు.

కాబట్టి ఏదైనా చేసేముందు, పంపేముందు, అది వెళ్ళే దారేమిటో, దూరే గుమ్మమేమిటో చూసుకోవాలర్రా. ఎంత తేలికదైనా దాని చోటు దానికి కావాలి. కథ కంచి దారి పట్టింది, ఇంక మీరు దుప్పట్లోకి దూరండి.