హంసపలుకు నేర్చిన అడవి

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఎవరి మాట వాళ్లది. దుప్పులది ఒక మాట, కొండముచ్చులది ఒక మాట. నెమళ్లు, అడవిపందులు, ఎలుగుబంట్లు, ఎవరి పలుకు వాళ్లే పలికేవాళ్లు. అయినా ఒకరితో ఒకరికి ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. ఎందుకు రాలేదో ఎవరూ ఆలోచించలేదు.

ఆ అడవిలో ముత్తెమ్మ అనే దుప్పి ఉండేది. ఒంటి నిండా ముత్యాల్లాంటి చుక్కలు, అందుకని ఆ పేరు. ముత్తెమ్మ ఎప్పుడూ చెవులు నిక్కించుకునే ఉండేది. మేస్తున్నా అంతే, పడుకున్నా అంతే. పోయిన ఎండాకాలం వాగు ఎండిపోయింది. నీళ్లు వెతుక్కుంటూ వెళ్లిన దారిలో ఆమె పెద్దపిల్ల కూలబడింది. మళ్లీ లేవలేదు. ఇక మిగిలింది రేగి ఒక్కటే. రేగుపండు రంగు ఒళ్లు, సన్నటి కాళ్లు. రేగి కాస్త కనబడకపోతే చాలు, ముత్తెమ్మకు నోట్లో గడ్డి నోట్లోనే ఉండిపోయేది.

ఆ అడవిలో ఒక కట్టుబాటు ఉంది, పిల్లలూ. కొండముచ్చులు చెట్టెక్కి ఉసిరికాయలు తింటూ సగం కింద పడేస్తాయి. దుప్పులు వాటిని ఏరుకుని తింటాయి. ఊరికే కాదు. పైనున్న వాళ్లకు చిరుతపులి దూరం నుంచే కనబడుతుంది. కిందున్న వాళ్లకు దాని వాసన ముందే తగులుతుంది. ఎవరికి ముందు తెలిస్తే వాళ్లు కేక పెట్టాలి. కొండముచ్చు ఖక్కుమని దగ్గుతుంది. దుప్పి కీచుమని అరుస్తుంది. ఏది వినబడినా అందరూ పరుగే.

కొండముచ్చుల్లో కాపలాకు కూర్చునేది మసిమూతి మావ. ముసలివాడే గానీ చూపు మంచిది. ఆయన చెట్టు మీద ఉన్నంతసేపు ముత్తెమ్మ కాస్త తల వంచి మేయగలిగేది.

చలికాలం రాగానే ఆ అడవి వాగుకు హంసలు వచ్చేవి. ఎక్కడో మంచుకొండల అవతలి నుంచి వచ్చి, ఎండలు ముదరకముందే వెళ్లిపోయేవి. వాటి పలుకు ఎవరికీ తెలియదు. ఒక్క గోరింకకే తెలుసు. ఆమె గుడ్డు పగిలిన నాటి నుంచి ప్రతి చలికాలం హంసల మధ్యే గడిపింది.

ఆ ఏడు హంసల దగ్గర విని గోరింక ఒక మాట చెప్పింది. కొండ వెనక పెద్ద చెరువు ఉందట. ఎండాకాలంలో కూడా అది ఎండదట. పోయిన ఏడు హంసలు అడవి మీదుగా ఎగురుతూ ఆ సంగతే చెప్పుకున్నాయట.

ముత్తెమ్మ మేత ఆపి కొండ వంక చూసింది. ఆమె పెద్దపిల్ల పడిపోయింది ఆ కొండకు ఇవతలే. హంసలు నెత్తి మీద నుంచి నీళ్ల జాడ చెప్పుకుంటూ వెళ్లాయి. ఒక్కరికీ అర్థం కాలేదు.

అదే రోజుల్లో అడవిలో పెద్ద సభ జరిగింది. సభకు పెద్ద ఎలుగుబంటి. సభలో ఏ మాట మాట్లాడాలన్నదే అక్కడ తగవు. మేమే ఎక్కువమందిమి, మా మాటే అడవి మాట కావాలన్నాయి పందులు. అందమైనది మాదేనన్నాయి నెమళ్లు. ఈ అడవిలో చెట్ల కంటే ముందు నుంచీ ఉన్నది మేమన్నాయి కొండముచ్చులు. మాటా మాటా పెరిగింది. ఒక నెమలి తోకలో ఈకలు ఊడాయి.

అప్పుడు గోరింక లేచింది. హంసపలుకు ఎవరిదీ కాదు గనక ఎవరూ ఎక్కువ కారు, ఎవరూ తక్కువ కారు అంది. పైగా నీళ్ల సంగతులు తెలుస్తాయంది. అదీ నిజమే. అందరూ తలలూపారు. ఇక నుంచి అడవిలో ఏం చెప్పినా హంసపలుకులోనే చెప్పాలని ఎలుగు పెద్దాయన తీర్మానం చేశాడు. తప్పినవాళ్ల గుంపు వాగు దగ్గర అందరికంటే చివర నీళ్లు తాగాలి.

మసిమూతి మావ నెత్తి గోక్కున్నాడు. "నీళ్ల సంగతి అడగడానికి సరే పెద్దాయనా. కేకలు కూడా అందులోనేనా?"

సగం ఇందులో సగం అందులో అంటే మళ్లీ తగవు మొదలవుతుందన్నాడు ఎలుగు పెద్దాయన. అయినా ఒకసారి అందరి వంకా చూశాడు. "ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పండి. పిల్లల తల్లివి, ముత్తెమ్మా, నువ్వు చెప్పు."

ముత్తెమ్మ మసిమూతి మావ వంక చూసింది. అంతలోనే పెద్దపిల్ల ఎండిన నాలుక గుర్తొచ్చింది.

"అంతా అందులోనే కానివ్వండి," అంది. "నా రేగి తొందరగా నేర్చుకోవాలి."

అలా గోరింక పంతులమ్మ అయింది. పిల్లలందరూ వాగు ఒడ్డున కూర్చుని పాఠం నేర్చుకునేవాళ్లు. రేగి అందరికంటే ముందుండేది. ముత్తెమ్మ దూరంగా నిలబడి చూసేది. సంతోషంగానే ఉండేది. అయినా చెవులు మాత్రం దించేది కాదు.

మొదట ఒక చిన్న సంగతి జరిగింది. ఒకనాడు రేగి ఏదో పిచ్చి ఆకు తిని కడుపునొప్పితో ముడుచుకుంది. ఇంట్లో కూడా హంసపలుకే మాట్లాడాలని ముత్తెమ్మ పట్టుబట్టింది కదా, నొప్పిని అందులో ఏమంటారో పిల్లకు తెలియలేదు. చెప్పకుండా పొద్దుగూకే దాకా అలాగే ఉండిపోయింది. కాళ్లు వణకడం చూసి ముత్తెమ్మే కనిపెట్టి, చేదాకు తెచ్చి తినిపించింది. ఎందుకు చెప్పలేదు తల్లీ అని అడిగితే, ఆ మాట ఇంకా పాఠంలో రాలేదంది రేగి.

వస్తుందిలే అనుకుంది ముత్తెమ్మ. మెల్లగా వస్తుందిలే.

తరువాత ఒక అడవిపంది సభకు వచ్చింది. దాని పిల్లల కోసం దాచుకున్న దుంపల చోటును ఎవరో తవ్వుకుపోయారు. గోడు చెప్పుకోవాలని నిలబడింది. హంసపలుకులో రెండు మాటలు వచ్చాయి, మూడోది రాలేదు. తన మాటలో ఏడవబోతే నెమళ్లు అడ్డుకున్నాయి. నేర్చుకుని రావచ్చుగా, ముక్కు అంత పొడుగుంది, నాలుక లేదా అని నవ్వాయి. ఎలుగు పెద్దాయన నేల చూస్తూ, నేర్చుకున్నాక రమ్మన్నాడు. పంది పిల్లల్ని వెంటబెట్టుకుని అడవి దాటి వెళ్లిపోయింది.

ముత్తెమ్మ నవ్వలేదు. ఇంటికొచ్చి రేగిని దగ్గరకు లాక్కుంది. నా పిల్లకు వచ్చు కదా అనుకుంది. అనుకున్నా ఆ పూట గడ్డి రుచించలేదు.

ఇంకొకటి కూడా ఉంది. మసిమూతి మావ అప్పుడప్పుడూ మరిచిపోయి దగ్గేవాడు. దగ్గు వినగానే రేగి పాఠం మధ్యలో లేచి పరిగెత్తేది. పంతులమ్మ కోప్పడేది. అందుకని ముత్తెమ్మ పిల్లను కూర్చోబెట్టి చెప్పింది.

"మావది పాత అలవాటు. ఆ దగ్గు పట్టించుకోకు. పంతులమ్మ నేర్పిన మాట వినబడితేనే కదులు. సరేనా?"

సరేనంది రేగి. మాట వినే పిల్ల.

ఆ మాట ఏమిటో కూడా చెప్పాలి. హంసల దేశంలో చిరుతలు లేవు. కాబట్టి హంసపలుకులో దానికి పేరూ లేదు, దాన్ని చూసి పెట్టే కేకా లేదు. గోరింక పంతులమ్మ ఎంతో కష్టపడి మాటలు అతికించి ఒక కేక తయారు చేసింది. "శ్రద్ధగా వినవలెను. మచ్చలు గల పెద్ద మృగము ఫలానా దిక్కు నుండి వచ్చుచున్నది. అందరూ తొలగిపోవలెను." ఇదీ ఆ కేక. పిల్లలందరూ దాన్ని కంఠతా పట్టారు.

ఒక పొద్దున దుప్పులు ఉసిరిచెట్టు కింద మేస్తున్నాయి. ముత్తెమ్మ నీళ్లు తాగి, లేత గడ్డి కోసం వాగు దాటింది. గాలి దుప్పుల వైపు నుంచి గడ్డి వైపు వీస్తోంది. కింద ఎవరికీ ఏ వాసనా అందలేదు.

చెట్టు మీద మసిమూతి మావకు కనబడింది. పసుపు గడ్డి పాయలుగా విడిపోతోంది. మధ్యలో చిరుత.

దగ్గు గొంతు దాకా వచ్చింది. మింగేశాడు. మొన్ననే ఒక నీడను చూసి దగ్గితే, ఆయన గుంపంతా చివరికి పోయి బురద నీళ్లు తాగింది. చంటిపిల్లలు కక్కుకున్నారు.

"శ్రద్ధగా వినవలెను," అన్నాడు మావ.

కింద దుప్పులు మర్యాదగా తలలెత్తాయి. రేగికి ముచ్చటేసింది. మాట మొత్తం అర్థమైంది మరి.

"మచ్చలు గల పెద్ద..." అని మావ ఆగిపోయాడు. తరువాతి మాట రాలేదు. కింద చిరుత పొట్ట నేలకు ఆనించింది. మావకు దిక్కులు గుర్తు రాలేదు. ఏ దిక్కును ఏమంటారో గుర్తు రాలేదు. చిరుత తోక కొస కదిలింది.

మావ అన్నీ వదిలేశాడు. ఖక్కుమన్నాడు. కొమ్మ ఊగిపోయేలా ఖక్కుమన్నాడు.

పెద్ద దుప్పులన్నీ ఎగిరి చెల్లాచెదురయ్యాయి. రేగి ఒక్కతే నిలబడింది. తల పైకెత్తి, మావ మాట పూర్తి చేస్తాడేమోనని చూస్తోంది.

వాగు అవతలి నుంచి ముత్తెమ్మ చూసింది. రేగిని చూసింది. రేగి వెనక గడ్డిని చూసింది. ఏం చెబితే పిల్ల కదులుతుందో ఆమెకు తెలుసు. ఆ పొడుగాటి మాట చెప్పాలి. నోరు తెరిచింది. ఒక్క ముక్క రాలేదు.

వచ్చింది వేరొకటి. మాట కూడా కాదు. పాలు తాగే రోజుల్లో పొదలో దాచిన పిల్లను పిలిచే పిలుపు. గొంతు లోపలి నుంచి, సన్నగా.

అది హంసపలుకా, దుప్పి మాటా అని రేగి ఆలోచించలేదు. కాళ్లు వాటంతట అవే తిరిగాయి. తల్లి వైపు ఒక్క దూకు దూకింది. చిరుత పంజా తొడ మీద గీసుకుపోయింది. దానికి చిక్కింది గడ్డి.

వాగు అవతల పొదలో ముత్తెమ్మ పిల్ల గాయాన్ని నాకుతూ ఉండిపోయింది. 

"నువ్వే కదమ్మా," అంది రేగి, "ఆ దగ్గు పట్టించుకోవద్దన్నావు."

ముత్తెమ్మ తల ఎత్తలేదు. నాకుతూనే ఉంది.

ఆ సాయంత్రం సభ కూడింది.  మసిమూతి మావ చెట్టు దిగి వచ్చి ముత్తెమ్మ ముందు కూర్చున్నాడు.

"గొంతు దాకా వచ్చిందమ్మాయ్. మింగేశాను," అన్నాడు.

"నేనే మింగించాను మావా," అంది ముత్తెమ్మ. "ఆ రోజు పెద్దాయన నన్నే అడిగాడు."

పంతులమ్మ రెక్కల్లో తల దాచుకుంది. కేక చక్కగా కుదిరిందని మురిసిపోయానే అని ఏడ్చింది. నెమళ్లకు అప్పుడే ధైర్యం వచ్చింది. హంసపలుకును అడవిలోంచి వెళ్లగొట్టాలన్నాయి. పాఠాలు ఆపేయాలన్నాయి.

"వద్దు," అంది ముత్తెమ్మ. "నా పెద్దపిల్ల కొండకు ఇవతల పోయింది. అవతల నీళ్లున్నాయి. రేగి నేర్చుకుంటుంది. పంతులమ్మా, మీరు నేర్పండి."

మరి అడవి మాట ఎవరిది కావాలని పందులు గొణిగాయి. మాదంటే మాదని మళ్లీ గుసగుసలు మొదలయ్యాయి. ముత్తెమ్మ లేచి నిలబడింది. ఆమె సభలో ఎప్పుడూ ఎక్కువ మాట్లాడేది కాదు. అడిగింది కూడా ఒక్క సంగతే. మావ దగ్గితే అర్థం కానివాళ్లు ఇక్కడ ఎవరైనా ఉన్నారా?

 నెమళ్లకు తెలుసు. పందులకు తెలుసు. కుందేళ్లకూ తెలుసు. నెమలి కేక దుప్పులకు తెలుసు, దుప్పి కేక కొండముచ్చులకు తెలుసు. పుట్టినప్పటి నుంచీ ఒకరి గొంతు ఒకరు వింటూనే పెరిగారు.

"ఆ పంది ఏడ్చినప్పుడు, పెద్దాయనా, మీకు అర్థం కాలేదా?"

ఎలుగు పెద్దాయన ముంగాళ్ల వంక చూసుకున్నాడు. "నాకు అర్థమైంది," అన్నాడు. "నేను పెట్టిన రూలుకే అర్థం కాలేదు."

ఆ రోజే రూలు మారింది. హంసలతో మాట్లాడటానికి హంసపలుకు. పిల్లలందరూ నేర్చుకోవాలి, పంది పిల్లలూ, దుప్పి పిల్లలూ అందరూ. కేకకు, గోడుకు, నొప్పికి మాత్రం ఎవరి గొంతు వాళ్లదే. అర్థం చేసుకోవడం వినేవాళ్ల పని.

మర్నాడు ఎలుగు పెద్దాయన తానే పందిని వెతుక్కుంటూ వెళ్లాడు. ఒంటరిగా తిరిగొచ్చాడు. అది చాలా దూరం వెళ్లిపోయిందట.

ఎండలు మొదలయ్యాయి. హంసలు బయలుదేరే రోజు వచ్చింది. రేగి కాస్త కుంటుతూ వాగు ఒడ్డుకు వెళ్లింది. ముత్తెమ్మ పక్కనే నిలబడింది. కొండ వెనక చెరువుకు దారి ఎటని రేగి అడిగింది. ముసలి హంస మెడ చాచి చెప్పసాగింది. రెండు గుట్టలు దాటాలట. ఆ తరువాత ఎర్రమట్టి లోయ వస్తుందట. రేగి ఒక్కో మాటా తల్లికి తిప్పి చెబుతోంది. ముత్తెమ్మ ఒక్కో మాటా మనసులో పెట్టుకుంటోంది.

"ఆ లోయలో ఎడమకు తిరిగితే..." అని హంస చెబుతోంది.

చెట్టు మీద మసిమూతి మావ ఖక్కుమన్నాడు.

హంస మాట పూర్తి కాలేదు. రేగి అక్కడ లేదు. గుట్టెక్కి, పొద దాటి, అప్పుడే అవతలికి చేరింది. ముత్తెమ్మ దాని వెనకే పరిగెత్తింది. పరిగెడుతూనే చూసింది, కుంటికాలు కూడా నేలకు ఆనడం లేదు.

వచ్చింది చిరుత కాదు. ఎండుటాకుల్లో ఉడుము కదిలింది. మావ పొరబడ్డాడు. ఆయన్ను ఎవరూ ఏమీ అనలేదు.

పొద వెనక రేగి రొప్పుతోంది. "అమ్మా, ఎడమకు తిరిగితే ఏముందో వినలేదు," అంది.

"మళ్లీ వెళ్లి అడుగుదాం," అంది ముత్తెమ్మ. చాలా రోజుల తరువాత ఆమె చెవులు కాస్త కిందికి వాలాయి.

నీతి: దూరపు నీళ్ల జాడ అడగడానికి పరాయి మాట నేర్చుకోవాలి. ఆపదలో అరిచేటప్పుడు, న్యాయం అడిగేటప్పుడు ఎవరి గొంతును వాళ్లకు ఉండనివ్వాలి.