చెవి ఎగిరిన బొమ్మ పటం

రాణి రత్నమాంబకు పాత బొమ్మలంటే పిచ్చి. అమ్మేవాళ్లు ముందుగా బొమ్మ పటం గీసి పంపాలి. అది నచ్చితేనే కోటలోకి పిలుపు.

ఆ ఏడు దసరా బొమ్మల కొలువులో ఒక్క బొమ్మకే చోటు మిగిలింది. ఆస్థాన చిత్రకారుడు విరూపాక్షయ్య తన పాత బొమ్మను కొత్త పెళ్లికూతురిలా గీసి పంపాడు. బొమ్మలకు రంగులేసే పోలమ్మ తన బొమ్మకు సగం చెవి ఎగిరిపోయినట్టు గీసింది.

"ఈ పటం చూసి ఎవరు కొంటారే?" అని విరూపాక్షయ్య పగలబడి నవ్వాడు.

విరూపాక్షయ్య పటం నచ్చి, రెండో పటంలో లోపాన్ని ఇలా చూపించిన ధైర్యం ఎవరిదోనని రాణి ఇద్దరినీ పిలిపించింది. విరూపాక్షయ్య బొమ్మను చూడగానే మొహం ముడుచుకుంది. "పటంలో ఉన్న కళ ఏదయ్యా? రంగంతా వెలిసిపోయింది."

తర్వాత రాణి పోలమ్మ బొమ్మను తిప్పి తిప్పి చూసింది. "చెవికి గోరంత పెచ్చేగా ఊడింది. లక్షణంగా ఉంది." అదే కొలువెక్కింది.

"మరి లోపాన్ని అంత పెద్దగా ఎందుకు గీశావు?" అని రాణి అడిగింది.

"బొమ్మ చేతికొచ్చాక ఎవరైనా పటంతో పోల్చి చూస్తారమ్మా. అప్పుడు గెలవాల్సింది బొమ్మ, పటం కాదు."

రాణి గోడమీద మెరిసిపోతున్న తన పటాన్ని చూసింది. అది విరూపాక్షయ్య వేసిందే.

"పోలమ్మా, ఇకనుంచి నా పటాలు నువ్వే వెయ్యి. ముక్కు కాస్త పెద్దదిగానే వెయ్యి."