చిరుతను చెల్లీ అని పిలిచిన కొండముచ్చు

అనగనగా ఒక అడవిలో, ఇప్పచెట్లు ఎక్కువగా, చెప్పిన మాట వినేవాళ్లు తక్కువగా ఉండే అడవిలో, తోకన్న అనే కొండముచ్చు ఉండేవాడు.

తోకన్న పని కాపలా. చిటారుకొమ్మన కూర్చుని చుట్టూ చూస్తాడు. చిరుత కనబడితే "ఖక్, ఖక్" అని అరుస్తాడు. ఆ కేక వినగానే కింద మేస్తున్న జింకలు పరుగు లంకించుకుంటాయి. తోకన్న తుంచి పడేసే చిగుళ్లు తింటూ అవి ఆ చెట్టు కిందే బతికేవి. వాటిలో చుక్కమ్మ అనే జింక ఆయన్ని నోరారా "అన్నా" అని పిలిచేది.

ఏటా ఇప్పపూలు రాలే రోజుల్లో అక్కడ పూల పండుగ. పూలను బండ గుంటలో నానబెట్టి పులియబెడతారు. ఆ నీళ్లు తాగితే మత్తెక్కుతుంది. ఏడాది పొడవునా చుక్క ముట్టనివాళ్లు కూడా ఆ ఒక్కరోజే ఏడాదికి సరిపడా తాగేస్తారు. అదేం ముచ్చటో నాకైతే అర్థం కాదు.

పండుగనాడు పొద్దున్నే చుక్కమ్మ వచ్చింది. వెంట కొత్తగా పుట్టిన కూన.

"అన్నా, దీనికిదే మొదటి పండుగ. కాళ్లింకా గట్టిపడలేదు. కాస్త కనిపెట్టి ఉండు" అంది.

"నేనుండగా నీకెందుకమ్మా భయం" అన్నాడు తోకన్న. మనసారానే అన్నాడు.

అంతలో ఎలుగుబంటి బొంతయ్య పిలిచాడు. "బావా, పండుగపూట గొంతు తడుపుకోకపోతే ఎలా? ఒక్క దోసిలి."

కాదంటే ఏమనుకుంటాడోనని తోకన్న తాగాడు.

"ఒక్కదానితో ఆపావంటే నామీద ప్రేమ లేనట్టే" అన్నాడు బొంతయ్య. పాపం, ఆయనకీ చెడు ఉద్దేశమేం లేదు. తోకన్న రెండోదీ తాగాడు.

మూడోది ఎవరూ ఇవ్వలేదు. తనే వంగి ముంచుకున్నాడు. ఆ తరవాత ఎన్ని తాగాడో ఆయనకే తెలియదు.

తూలుతూనే చెట్టెక్కాడు. నాకేం కాలేదు, బాగానే ఉన్నాను అనుకున్నాడు. కింద జింకలు రెండింతలై కనబడుతున్నాయి. ఇంతలో పొద పక్కన ఇంకో చుక్కల ఒళ్లు మెల్లగా కదిలింది. ఎవరో జింక ఆలస్యంగా వచ్చి మొహమాటపడుతోంది కాబోలు అనుకున్నాడు.

"రా చెల్లీ, రా. సిగ్గుపడకు, అందరూ మనవాళ్లే" అని ఆప్యాయంగా పిలిచాడు.

వచ్చింది చెల్లి కాదు, చిరుత.

పైన అన్న ఉన్నాడన్న ధైర్యంతో చుక్కమ్మ తలెత్తి కూడా చూడలేదు. కూన అరుపు విని తిరిగేసరికి దాని వెనక్కాలు చిరుత నోట్లో ఉంది. చుక్కమ్మ ప్రాణాలకు తెగించి తలతో కుమ్మింది, గిట్టలతో తన్నింది. మంద మొత్తం మీద పడేసరికి చిరుత వదిలేసి పోయింది. కూన బతికింది గానీ ఆ కాలు మళ్లీ నేల మీద సరిగా ఆనలేదు. తోకన్న అప్పటికే కొమ్మను కావలించుకుని గురక పెడుతున్నాడు.

మత్తు దిగాక సంగతి తెలిసింది. పరుగున వెళ్లి చుక్కమ్మ ముందు కూలబడ్డాడు. "నన్ను తిట్టమ్మా" అని ఏడ్చాడు.

"తిట్టాలని లేదన్నా. నువ్వు చూడటం లేదని తెలిసుంటే నేనే చూసుకునేదాన్ని. నువ్వున్నావనుకున్నాను" అంది చుక్కమ్మ. కుంటుతున్న కూనను తీసుకుని వేరే చెట్టు కిందికి వెళ్లిపోయింది.

ఏడాది తిరిగి పూల పండుగ వచ్చింది. బొంతయ్య దోసిలి పట్టుకుని వచ్చాడు.

"వద్దు బావా. నువ్వంటే నాకిష్టమే. అది మాత్రం వద్దు" అన్నాడు తోకన్న.

బొంతయ్య కాస్త నొచ్చుకున్నాడు. అంతలో కూన కుంటుకుంటూ అటుగా పోయింది. బొంతయ్య దాన్ని చూసి దోసిలి నేల మీద పారబోశాడు. ఇద్దరూ అప్పుడే రాలిన పూలు ఏరుకుని తిన్నారు. భలే తియ్యగా ఉన్నాయి. తోకన్న చెట్టెక్కి, చుట్టూ చూస్తూనే కొమ్మ మీద తాళం వేస్తే బొంతయ్య చిందేశాడు. కుందేళ్లు వచ్చాయి, నెమళ్లు వచ్చాయి. చూస్తుండగానే ఆట రక్తి కట్టింది.

చుక్కమ్మ దూరం నుంచి చాలాసేపు చూసింది. తరవాత పిల్లను వెంటబెట్టుకుని తోకన్న చెట్టు కిందికి వచ్చింది.

"దీన్ని నీ దగ్గర వదిలి వెళ్తున్నానన్నా. నేనూ కాసేపు ఆడొస్తాను" అంది.

తోకన్నకు కళ్లలో నీళ్లు తిరిగాయి. చూపుకు అడ్డమొస్తాయని వెంటనే తుడుచుకున్నాడు.

నీతి: మనల్ని నమ్ముకుని నిశ్చింతగా ఉన్నవాళ్ల కోసం పండుగనాడు కూడా మెలకువగా ఉండాలి, ఒళ్లు తెలియని మత్తు కన్నా ఒళ్లు తెలిసిన ఆనందమే మేలు.