నేలపటంలో కొత్త దీవి

సముద్రం ఒడ్డున ఒకానొక రాజ్యం. దాని పేరు వెండిమొగ, రాజు పేరు ప్రతాపనరేంద్రుడు. ఆ రాజ్యం ఈ కొస నుంచి ఆ కొసకి ఎడ్లబండి మీద రెండు రోజుల ప్రయాణం. రాజుగారు మాట్లాడేది మాత్రం సప్తసముద్రాల గురించి.

కొలువుకూటం నేల మీద ఆయన లోకమంతా గీయించుకున్నాడు. సముద్రాలకు నీలిరంగు, దేశాలకు పసుపురంగు. రోజూ పూజ ముగించి, పట్టుపంచె కాస్త పైకెత్తి పట్టుకుని, ఆ పటం మీద నడిచేవాడు. "ఇవాళ తూర్పుదీవుల దాకా వెళ్ళొచ్చాం" అని అలసటగా సింహాసనం మీద కూర్చునేవాడు.

ఆ కొలువులో ఒక ఆచారం ఉండేది. అక్కడ ఎవరు ఏ దేశం పేరెత్తినా "అదెక్కడ?" అని అడగకూడదు. అడిగినవాడి పీట మర్నాటి నుంచి ఒక వరుస వెనక్కి జరుగుతుంది. పాపం, కోశాధికారికి అడిగే అలవాటు. నాలుగేళ్ళలో ఆయన పీట వాకిలి దాటి చెప్పులు విడిచే చోటికి చేరింది. అప్పటి నుంచి సభలో అందరికీ అన్ని దేశాలూ తెలుసు.

అందరికన్నా ఎక్కువ తెలిసినవాడు దేశాంతర మంత్రి పెద్దిభట్టు. ఏ రేవులో ఏ సరుకు పెరిగిందో, ఏ రాజు ఏ రాజుతో చెయ్యి కలిపాడో, నిన్న రాత్రి అక్కడే భోజనం చేసి వచ్చినట్టు చెప్పేవాడు.

రోజూ ఉదయం రేవుకు వెళ్ళి, ఓడల మీద వచ్చిన కబుర్లు రాసుకొచ్చి సభలో చదివే ఉద్యోగి ఒకడుండేవాడు. పేరు బయ్యన. ఇరవై ఏళ్ళుగా అదే పని. అతనికి ఏ కబురూ ఒక పట్టాన నచ్చేది కాదు. ఎవరు చెప్పారు, ఎప్పుడు చూశారు, చెప్పినందువల్ల వాళ్ళకేమిటి లాభం అని అడిగిగాని కలం ముంచేవాడు కాదు. "బయ్యన వాన పడుతోందన్నా ఆకాశాన్ని సాక్ష్యం అడుగుతాడు" అని సభలో నవ్వుకునేవారు.

ఆ ఏడు వేసవి చివర చోకదత్తుడనే విదేశీ వర్తకుడు మూడు ఓడలతో రేవులో దిగాడు. రాజుకు ఒక గుర్రాన్ని సమర్పించాడు. అంటే గుర్రం బొమ్మని. పట్టుగుడ్డ మీద గీసిన తెల్లగుర్రం.

"ఇలాంటివి ఆరువందలు ప్రభూ. ఈసారి గాలి తిరగగానే తెచ్చి దించుతాను. బంగారం వద్దు. మీ రాజ్యంలో ఉన్న విత్తనపు వడ్లన్నీ ఇప్పిస్తే చాలు" అన్నాడు.

"విత్తనాలా?" అన్నాడు రాజు.

పెద్దిభట్టు లేచాడు. "ప్రభూ, పొరుగున భైరవదుర్గం రాజు వెయ్యి గుర్రాలకు బేరం కుదుర్చుకున్నాడు. ఆ గుర్రాలు ఎవరి మీదికి వస్తాయో వేరే చెప్పాలా? వడ్లదేముంది, మళ్ళీ పండుతాయి. గుర్రం ధర రోజురోజుకూ పెరుగుతోంది."

రాజు మీసం మీద చెయ్యి వేశాడు. అయిదో రోజు పొద్దున విత్తనాలు ఓడకెక్కాలని ఊరూరా చాటింపు వేయించాడు.

మర్నాడు బయ్యన రేవుకు వెళ్ళేసరికి అప్పుడే బండ్లు వచ్చి నిలిచాయి. మొదటి బండి ఎల్లమందది. మెరకపాలెం రైతు, అరవై ఏళ్ళవాడు. విత్తనాల బస్తాల మీద ఎక్కి కూర్చున్నాడు. ఎడ్లను విప్పలేదు.

"విప్పవేం ఎల్లమందా?"

"ఇప్పితే దించమంటారు బాబయ్యా. ఇయ్యి తినే వడ్లు కాదు, ఇత్తనాలు. ఇయ్యి ఓడెక్కితే ఏరువాకనాడు పొలంలో ఏం జల్లాలి? గుర్రం పేడా?"

"గుర్రాలు వస్తాయటగా."

"వత్తే అయ్యేం తింటాయో అదన్నా అడిగారా?"

బయ్యన ఓడల వైపు చూశాడు. నావికులు బల్లల మీద ఖాళీ గోనెసంచులు ఆరేస్తున్నారు. లెక్కపెట్టడం అతనికి అలవాటు. ఒక్క ఓడ మీదే వందలు. గడ్డి మోపు ఒక్కటి లేదు. గుర్రాన్ని కట్టే గుంజ లేదు, నీళ్ళ తొట్టి లేదు.

వక్క నములుతున్న ఒక ముసలి నావికుడి పక్కన కూర్చుని బయ్యన మాటల్లో దించాడు. చోకదత్తుడి దేశంలో రెండేళ్ళుగా వానలు లేవట. గుప్పెడు బియ్యానికి వెండి ఉంగరం ఇస్తున్నారట. గుర్రాల సంగతి అడిగితే ఆ ముసలివాడు "ఏ గుర్రాలు?" అన్నాడు.

బయ్యన ఉన్నదున్నట్టు సభలో చదివాడు.

పెద్దిభట్టు జాలిగా నవ్వాడు. "ప్రభూ, దేశాంతర రాజకీయం సంచులు ఆరేసే వాళ్ళకేం తెలుస్తుంది?"

రాజుకు విసుగొచ్చింది. "బయ్యనా, నీకు అనుమానం రోగం. మంత్రి నోట ఒక్క అబద్ధం ఎప్పుడైనా విన్నావా?"

"వినలేదు ప్రభూ. నిజం కూడా విన్నానో లేదో తెలియడం లేదు."

సభలో ఎవరో దగ్గారు. రాజు ముఖం ఎర్రబడింది. "అయితే మూడు రోజులు గడువు. ఆయన చెప్పిన దాంట్లో ఒక్క అబద్ధం మా కళ్ళకు చూపించు. చూపలేకపోతే నాలుగో రోజు ఆ విత్తనాల బస్తాలు నువ్వే భుజాన మోసి ఓడకెక్కించాలి. ఈ కొలువు ముఖం మళ్ళీ చూడకూడదు."

ఇంటికి వెళ్తూ బయ్యన ఆలోచించాడు. భైరవదుర్గానికి వెళ్ళి రావడానికే ఆరు రోజులు. చోకదత్తుడి దేశానికి రెండు నెలలు. దూరపు అబద్ధంతో అదే చిక్కు. అది అబద్ధమని తేలేలోపు దాని పని అది చేసుకుపోతుంది. కనుక దగ్గరలో ఒకటి కావాలి. రాజుగారి కాళ్ళకు తగిలేంత దగ్గరలో.

పటం నేలను రోజూ తెల్లవారగానే నీళ్ళతో తుడుస్తారు. మర్నాడు ఆ తుడుపు అయ్యాక, సభ నిండక ముందు, బయ్యన కాచూ సున్నం కలిపిన ఎర్రనీళ్ళలో బొటనవేలు ముంచి, దక్షిణ సముద్రం నడుమ ఒక చుక్క పెట్టాడు. ఆరేదాకా ఊదాడు.

సభ తీరింది. కబుర్లు చదవడం అయ్యాక బయ్యన ఆ చుక్క పక్కకు వెళ్ళి నిలబడ్డాడు.

"మంత్రివర్యా, ఈ దీవి నుంచి కబుర్లేమైనా ఉన్నాయా? రేవులో నాకేమీ దొరకలేదు."

పెద్దిభట్టు తొంగి చూశాడు. ఒక్క క్షణం కనురెప్ప వాల్చలేదు. అదెక్కడిది అని అడిగితే పీట వెనక్కి జరుగుతుంది.

"అదా, శంఖద్వీపం. చిన్నదే గాని పొగరు ఎక్కువ. అక్కడి రాజు భైరవదుర్గం రాజుకు మేనమామ వరస."

బయ్యన రాజు వైపు తిరిగాడు. "ప్రభువులకు తెలిసే ఉంటుంది."

"తెలియకేం?" అన్నాడు రాజు. "మా అమ్మమ్మ మెడలో ముత్యాలు అక్కడివే."

సభంతా తల ఊపింది. వాకిలి దగ్గర కోశాధికారి ఒక్కడే మెడ చాచి చూసి, నోరు తెరవబోయి, చెప్పుల వైపు చూసి మూసుకున్నాడు.

రెండో రోజు మళ్ళీ చుక్క పెట్టాలి, నిన్నటిది తెల్లవారి తుడుపు నీళ్ళకు పోయింది కనుక. ఈసారి వేలికి నీళ్ళు ఎక్కువై అది అరచేయంత పాకింది. చెరపడానికి వ్యవధి లేదు, సభికులు వచ్చేస్తున్నారు.

రాజు పటం మీద నడుస్తూ ఆగాడు. "మంత్రీ, శంఖద్వీపం నిన్నటికన్నా పెద్దదైనట్టుందే?"

"చిత్తం ప్రభూ" అన్నాడు పెద్దిభట్టు తడుముకోకుండా. "అదే మనవి చేద్దామని వచ్చాను. చుట్టుపక్కల దీవులన్నీ ఆక్రమించాడు. వేగులు అర్ధరాత్రి కబురు తెచ్చారు. నాలుగువందల గుర్రాలు కొన్నాడు. గుర్రం ధర రేపటికి రెట్టింపు. అయిదో రోజు దాకా ఆగడం ప్రమాదం. విత్తనాలు రేపే ఓడకెక్కాలి."

బయ్యన ఆ మాటలన్నీ రాసుకున్నాడు. రాస్తుంటే అతనికి ఒక సంగతి తోచింది. పెద్దిభట్టు చోకదత్తుడి దగ్గర లంచం తిని ఉండకపోవచ్చు. అన్నీ తెలిసినవాడినని అనిపించుకోవాలనే కోరిక ఉన్నవాణ్ణి కొనడానికి లంచం అక్కర్లేదు. రోజుకో కబురు చెవిలో వేస్తే చాలు, మిగతాది తనే అల్లుకుంటాడు. రాజూ అంతే. ఆ మాటకొస్తే ఇరవై ఏళ్ళుగా అందరినీ అనుమానించిన తను, తన అనుమానం ఎన్నడూ తప్పు కాదని మురిసిపోలేదా? అదీ రాశాడు, ఆ వాక్యం దగ్గర కలం ఆగింది. దాన్ని అతను సభలో చదవలేదు.

మూడో రోజు పొద్దున తుడుపు అయ్యాక బయ్యన మళ్ళీ అరచేయంత దీవి పెట్టాడు. బండ్లన్నీ రేవులో బారులు తీరాయి. సభలో రాజు విత్తనాల అప్పగింత పత్రం మీద ముద్ర వేయడానికి లక్క కరిగించమన్నాడు.

"బయ్యనా, గడువు ఇవాళ్టితో సరి. చూపించు."

బయ్యన రాగి చెంబు, తడిగుడ్డ తెచ్చి దక్షిణ సముద్రం నడుమ కూర్చున్నాడు. "ప్రభూ, ముందుగా ఇవాళ్టి కబురు. శంఖద్వీపం పతనమైంది."

"ఎవరు జయించారు?" అన్నాడు రాజు, ముందుకు వంగి.

బయ్యన తడిగుడ్డతో ఒక్క తుడుపు తుడిచాడు. దీవి గుడ్డకు అంటుకుని వచ్చేసింది. కింద నీలిరంగు సముద్రం మిగిలింది.

"ఈ గుడ్డ ప్రభూ. నాలుగువందల గుర్రాలూ, మేనమామా ఇందులోనే ఉన్నారు."

లక్క కరుగుతున్న చిటపట ఒక్కటే వినిపిస్తోంది.

పెద్దిభట్టు పెదవులు కదిపాడు. "ప్రభూ, సముద్రం పొంగి..."

"కూర్చో" అన్నాడు రాజు.

ఆ గుడ్డను చేతిలోకి తీసుకుని ఆయన తిరగేసి చూశాడు. మంత్రి తల పోతుందో, బయ్యన తల పోతుందో తెలియలేదు. చివరికి రాజు మెల్లగా అడిగాడు, "మరి మా అమ్మమ్మ ముత్యాలు ఎక్కడివి?"

"అది తమరే సెలవివ్వాలి ప్రభూ. ఆ కబురుకు నా దగ్గర సాక్ష్యం లేదు."

రాజు పెదవి వణికింది. తర్వాత పొట్ట కదిలింది. తర్వాత ఆయన పకపకా నవ్వాడు. సింహాసనం చేతులు పట్టుకుని, కళ్ళ వెంట నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. నవ్వు ఆగాక, కిరీటం సర్దుకుంటూ, "మాకు తెలియదు" అన్నాడు. ఆ సభలో ఆయన నోట ఆ మాట వినడం అదే మొదలు.

"ఓడల్లో గడ్డి ఉందో సంచులున్నాయో మేమే వెళ్ళి చూస్తాం" అని లేచాడు.

రేవులో చోకదత్తుడు రాజును చూసి దణ్ణం పెట్టాడు. రాజు ఒకటే అడిగాడు, "గుర్రాలను ఎక్కడ కడతావు?" చోకదత్తుడు ఓడ ముందు భాగం చూపాడు, వెనక భాగం చూపాడు, ఆపైన చూపడానికి ఓడలో ఇంకేమీ మిగలలేదు. మధ్యాహ్నపు గాలికే మూడు ఓడలూ ఖాళీ సంచులతో తెరచాపలెత్తాయి.

"ఆ దేశంలో కరువు నిజమే ప్రభూ" అన్నాడు బయ్యన. "విత్తనాలు తీసి ఉంచి, మిగులు బియ్యం ఏమైనా ఉంటే వాళ్ళకు తిన్నగా అమ్ముకోవచ్చు. గుర్రం బొమ్మలు అక్కర్లేదు."

రాజు తన భుజం మీది జరీ శాలువా తీసి బయ్యనకు కప్పాడు. పెద్దిభట్టు పీట కూడా ఇస్తానన్నాడు. బయ్యన శాలువా ఉంచుకుని పీట వద్దన్నాడు.

"ఎందుకు?"

"దాని మీద కూర్చున్నవాడు ఏదడిగినా జవాబు చెప్పాలి ప్రభూ. నాలుగు రోజులకు నేనూ దీవులు పుట్టిస్తాను. ఇచ్చేదుంటే ఆ కోశాధికారి పీట లోపలికి జరిపించండి. చెప్పుల మధ్య కూర్చున్నా అదెక్కడిదని అడగబోయినవాడు ఆయనొక్కడే."

"జరిపిస్తాం" అన్నాడు రాజు. నవ్వు ముఖంతోనే మొదటి బండి దగ్గరకు వెళ్ళాడు. ఎల్లమంద ఇంకా బస్తాల మీదే ఉన్నాడు.

"ఏం పెద్దాయనా, ఈ విత్తనాలు ఎప్పుడు చల్లుతారు?"

ఎల్లమంద రాజును కిందికీ పైకీ చూశాడు. కాళ్ళు దగ్గరకు లాక్కుని బస్తా మూతి మీద చెయ్యి వేశాడు.

"ముందు బండి ఊరు చేరనీండి దొరా" అన్నాడు. "అప్పుడు చెబుతా."