హెల్మెట్‌లో చీటీలు

ప్రద్యుమ్నకి కావలసింది ఒకే ఒక్క సంతకం. శిక్షణ ఇచ్చే కెప్టెన్ వహీద్ సార్ అది లాగ్‌బుక్‌లో పెట్టేస్తే, పక్క సీట్లో మనిషిని కూర్చోబెట్టుకుని హెలికాప్టర్ ఎగరేసుకోవచ్చు. ఆ మనిషెవరో ఎప్పుడో ఖాయమైపోయింది: నిశ్చితార్థం అయిన పిల్ల, సుదీప్తి.

మూడు నెలలుగా అడుగుతున్నాడు. "చూద్దాం బేటా" అని సార్ టీ తాగుతాడు. ఈసారి మాత్రం, "భద్రత సెమినార్‌కి రా. అయ్యాక చూద్దాం" అన్నాడు.

ఇంకేం, మనవాడు ఇస్త్రీ మడత నలక్కుండా వచ్చి, హెలికాప్టర్లు నిలిపే హ్యాంగర్లో ముందు వరసలో కూర్చున్నాడు. వెనక ఓ పాతికమంది, అందరూ చిన్న హెలికాప్టర్లు నడిపేవాళ్లే.

సార్ సెమినార్లో తెర ఉండదు, బొమ్మలుండవు. పాత హెల్మెట్ ఒకటి వెల్లకిలా పెట్టి, తలా ఒక చీటీ ఇస్తాడు. గాల్లో చేసిన తప్పు ఒకటి రాసి అందులో వెయ్యాలి. పేరు రాయకూడదు. ఆయన ఒక్కొక్కటే తీసి చదువుతాడు, అందరూ మాట్లాడుకుంటారు. అంతే.

ప్రద్యుమ్న పెన్ను పళ్ల మధ్య పెట్టుకుని పైకప్పు చూశాడు. తప్పా? పోయిన వారం సుదీప్తి వాళ్ల ఊరి మీద కాస్త కిందికి దిగిన మాట నిజమే. మేడ మీంచి ఆ పిల్ల చున్నీ ఊపింది. కల్లంలో ఆరబోసిన మిరపకాయలు గాల్లోకి లేచి ఊరు ఊరంతా తుమ్మింది. కాబోయే మామగారు అది సుడిగాలే అని ఇప్పటికీ నమ్ముతున్నారు. అదో తప్పా!

ఖాళీ చీటీ మడిచి హెల్మెట్లో పడేశాడు.

సార్ చదవడం మొదలుపెట్టాడు. ఒకడు తలుపు గడియ పెట్టకుండానే పైకి లేచాడట. ఇంకొకడు ఇంధనం చూసుకోకుండా బయల్దేరి, చెరుకు తోటలో దిగాడట. ప్రతిదానికీ ముందు వరసలోంచి ఓ చెణుకు పడుతూనే ఉంది.

సార్ ఇంకో చీటీ విప్పాడు.

"'మా ఇంటి మీద కిందికి దిగాను. మేడ మీంచి అమ్మ చెయ్యి ఊపింది. నేనూ ఊపాను. కరెంటు తీగ చూడలేదు.'"

మనవాడు ఆగితేగా! "దిగడం తప్పు కాదు సార్, తీగ చూడకపోవడం తప్పు. కళ్లు ఏ జేబులో పెట్టుకున్నాడో మహానుభావుడు! ఇలాంటోడికి ఆటో కూడా ఇవ్వకూడదు."

కుర్రాళ్లు నవ్వారు. పాతవాళ్లు నవ్వలేదు. సార్ కూడా కొంచెం నవ్వాడు.

"ఇంకో రెండు ముక్కలున్నాయి బేటా."

"కానివ్వండి సార్."

"'పక్క సీట్లో మా తమ్ముడు. వాడికి ఇరవై రెండు.'"



ప్రద్యుమ్న నోట్లో నవ్వు ఎటూ పోలేక అలాగే ఉండిపోయింది. "ఎవరు... ఎవరు సార్ అది?"

"పేరు రాయకూడదని నేనే అన్నాను కదా" అన్నాడు సార్.

జేబులోంచి పెన్ను తీశాడు. చీటీ మోకాలి మీద పరిచి, కింద సంతకం పెట్టి, చెయ్యి చాచాడు.

"సంతకం అడుగుతున్నావుగా. తీసుకో."

చివర తోకలా సాగే గీత. మూడు నెలలుగా లాగ్‌బుక్‌లో ఎక్కడ పడుతుందా అని ప్రద్యుమ్న ఎదురుచూసిన గీతే. దాని తడి ఇంకా ఆరలేదు. ఆ కాగితం మాత్రం కొత్తది కాదు. అంచులు పచ్చబడి, మడతలు అరిగి, ఏటేటా అదే హెల్మెట్లో పడి లేచినట్టుంది.

 అతని కళ్ల ముందు మేడ మీది చున్నీ ఊగింది. ఆ మేడ పక్కన కరెంటు స్తంభం ఉందా? ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు.

లేచి వెళ్లి హెల్మెట్లో చెయ్యి పెట్టాడు. ఒక్కొక్క చీటీ విప్పి చూసి పక్కన పెట్టాడు. ఖాళీది దొరికింది.

"సార్, పెన్ను."

సార్ ఇచ్చాడు.

'మిరపకాయలు' అని మొదలుపెట్టాడు ప్రద్యుమ్న.