మక్క చేనులో మిగిలిన సాళ్లు

పర్శరాములు గురువుకు ఒక అలవాటు ఉండేది. ఎవరు ఏ ప్రశ్న అడిగినా చివరిదాకా వినేవాడు, తల ఊపేవాడు, ఆ తర్వాత అడిగిన మనిషికి ఏదో ఒక పని అప్పజెప్పేవాడు. పని ముగిసినా జవాబు రాలేదని ఎవరైనా అంటే, "నేను చెప్తే అది నా జవాబు అయితది. నీది నీ చేతుల నుంచి రావాలె" అనేవాడు.

ఆయన మఠాలూ పీఠాలూ ఉన్న గురువు కాడు. పగలు ఎవుసం, పున్నమి నాడు ఇంటి ముందర తత్వాలు పాడటం, అడిగినవారికి అచల బోధ, అంటే మార్పు లేని పరిపూర్ణం గురించిన తత్వం, చెప్పడం, ఇదే ఆయన బతుకు. శిష్యులు కూడా నాగలి పట్టేవారు, మగ్గం నేసేవారు, బీడీలు చుట్టేవారు. అందరూ ఆయన్ని పెద్దయ్య అనే పిలిచేవారు.

ఆ శిష్యులలో భూమేశ్ ఒకడు. నడివయసు రైతు. చేను శుభ్రంగా ఉంచడంలో ఊళ్లో అతని తర్వాతే ఎవరైనా. అతని మక్క చేనులో సాళ్ల మధ్య నడిస్తే ఊడ్చిన వాకిట్లో నడిచినట్టే ఉండేది. మొక్కజొన్నను అక్కడివాళ్లు మక్క అంటారు.

వానాకాలం మొదట్లో ఒక పొద్దున భూమేశ్ వచ్చి గురువు అరుగు మీద కూర్చున్నాడు.

"పెద్దయ్యా, కండ్లు మూసుకొని కూసుంటే మనసు నిలుస్తలేదు. చేన్ల ఏది పంటనో, ఏది కలుపో నాకు ఎరుకే. కలుపు పీకేస్త, పంట ఏపుగ వస్తది. మరి ఇంట్ల, మనసుల ఏది కలుపో ఎట్ల తెలుసుకోవాలె?"

"ఇంట్ల అంటివి. ఇంట్ల ఎవలు?" అన్నాడు గురువు.

భూమేశ్ తల వంచుకున్నాడు. ఆ ప్రశ్న అడగాలనే అతను వచ్చాడు, అడగకుండా పోతే బాగుండుననీ అనుకున్నాడు.

ఇంట్లో ఉన్నది ఓదెమ్మ, అతని వదినె. అన్న పోయి చాలా ఏళ్లయింది. పిల్లలు లేరు. కోడలిగా వచ్చినప్పటినుంచీ ఆమె ఈ ఇంట్లోనే ఉంది. ఆమె మీద భూమేశ్‌కు కోపం లేదు. ఆమె నోటితోనే అతనికి తగువు. పొద్దున అతను ధ్యానానికి కూర్చోగానే ఆమె కోళ్లతో మాట్లాడేది. కోళ్లు పోయాక మసిపట్టిన గిన్నెతో మాట్లాడేది. గిన్నె కడగడం అయ్యాక గోడ అవతలి వాళ్లతో మొదలు పెట్టేది. మక్కలు ఒలిచి చొప్ప కోసి, ఎండకాలం రాగానే ఆమెను తల్లిగారి ఊరికి, తమ్ముడి దగ్గరికి పంపెయ్యాలని భూమేశ్ అనుకున్నాడు. భార్య గంగమణికి ఆ మాట చెబితే, ఆమె బీడీలు చుడుతూ తల ఎత్తకుండానే, "నీ ఇష్టం. గని ఆమెకు చెప్పేది నువ్వే" అంది. చెప్పాడు కూడా. ఓదెమ్మ అంతా విని, "ఎండకాలమే గద. పచ్చళ్లు పెట్టి పోత" అంది.

గురువు ఇదంతా విన్నాడు. తల ఊపాడు. ఆ రోజే పక్క మండలంలో ఒక శిష్యుడి ఇంట ఆరాధనకు పోవలసి ఉండి సంచి భుజానికి తగిలించుకుంటూ అన్నాడు:

"మా మక్కల గడ్డి కలుపు. నేను ఊరికి పోయొస్త."

"గడ్డి కలుపా, పెద్దయ్యా?"

"ఆ, గడ్డి కలుపు."

ఆయన వెళ్లిపోయాడు.

భూమేశ్ గురువు చేనుకు పోయి చూసి ముక్కున వేలేసుకున్నాడు. మక్కలు మోకాలెత్తు పెరిగి ఉన్నాయి. వాటి సాళ్ల మధ్య, సగం చేను మేర, లేత పచ్చగా గడ్డి మొలకలు. పెద్దయ్యకు పెద్దతనం వచ్చింది, వంగలేక చేనును వదిలేశాడు పాపం అనుకున్నాడు. ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే పెట్టాడు, గట్టిగా పీకెయ్యమని చెప్పకుండా చెప్పాడు అని మురిసిపోయాడు. పంచె ఎగ్గట్టి దిగాడు. వేళ్లతో సహా పీకి, మట్టి దులిపి, గట్టు మీద కుప్పలు పోశాడు.

మధ్యాహ్నం ఓదెమ్మ సద్ది తెచ్చింది. పని సాగినన్ని రోజులూ ఆమే తెచ్చింది.

"ఏం భూమేశా, ఇంట్ల వాకిలి ముందటి గడ్డి పీకుమంటే నా నడుము అంటవు. ఇక్కడ గురువు చెప్తే నడుముకు ఏం కాలేదా?"

"వదినె, అన్నం పెట్టి పో."

"పోత తీ. ఈ గడ్డి సూడు, ఎంత నున్నగున్నదో. ఎవలో ఏసినట్టు సాలు వెంబడి ఉన్నది. కొంచెం ఉంచరాదు?"

"మక్కల గడ్డి ఎవలన్న ఏస్తరా? నవ్వుతరు."

చివరి రోజున బావి కాలువ పక్కన నాలుగైదు సాళ్లు మాత్రమే మిగిలాయి. భూమేశ్ అన్నం తిని అవి కూడా ముగించేవాడే. కానీ ఓదెమ్మ సరిగ్గా ఆ సాళ్ల మొదట్లోనే కాళ్లు చాపుకుని కూర్చుంది. తమ వాడలో ఎవరి పెండ్లిలోనో వియ్యపురాలు అలిగిన ముచ్చట మొదలుపెట్టింది. అలిగిన ఆమెను బుజ్జగించేసరికి ఆమె చెల్లెలు అలిగింది. చెల్లెలు దారికి వచ్చేసరికి మబ్బు పట్టింది. భూమేశ్ "లే వదినె, లే" అంటూనే ఉన్నాడు. "ఉండరా, అసలు ముచ్చట ఇప్పుడే ఉన్నది" అంటూనే ఉందామె. పెద్ద వాన దిగింది. ఇద్దరూ పరుగెత్తుకుంటూ ఇల్లు చేరారు. ఆ తర్వాత ముసురు విడవలేదు. పని పూర్తి కానందుకు భూమేశ్ లోలోపల నొచ్చుకున్నాడు. ఈమె ఉన్నంతకాలం నాకు ఏదీ చివరిదాకా సాగదు అనుకున్నాడు.

ముసురు తగ్గాక గురువు తిరిగి వచ్చాడు. భూమేశ్ ఆయన్ని చేనుకు తీసుకుపోయాడు. గురువు ఆ చివరినుంచి ఈ చివరిదాకా మెల్లగా నడిచాడు. గట్టు మీద కుళ్లుతున్న కుప్పల దగ్గర ఆగాడు.

"చానా శుభ్రం చేసినవ్" అన్నాడు.

తర్వాత చేను పక్కనున్న చిన్న కొట్టం లోపలికి పోయి వాసానికి వేలాడుతున్న సంచి దించి, మూతి విప్పి చూపించాడు. ఇసుకలో కలిపి పెట్టిన సన్నటి గడ్డి గింజలు.

ఇక్కడ ఒక మాట వివరంగా చెప్పుకోవాలి. కలుపు అంటే పీకవలసిన మొక్క. కలుపు అంటే జత చెయ్యి అని కూడా. మాట ఒక్కటే. వినేవాడి మనసులో ఏది ముందుగా నిలబడి ఉంటే అది వినిపిస్తుంది. గురువు సగం చేనులో గినీ గడ్డి గింజలు తానే చల్లి, మిగతా సగంలో కలపమని చెప్పాడు. శిష్యుడు మొలిచిన దాన్ని పీకేశాడు.

ఆ గడ్డి తీరు కూడా తెలియాలి. మక్క పెరిగేటప్పుడు దాని నీడలో గినీ గడ్డి ఎదగదు. ఒదిగి, సన్నగా, ఉన్నదా లేదా అన్నట్టు ఉంటుంది. అందుకే మక్కతో పెద్దగా పోటీ పడదు. కంకులు విరిచి, చొప్ప కోసి, నేలకు ఎండ తగిలాక అప్పుడు లేస్తుంది. మిగిలిన తడిని పట్టుకుని, ఎక్కడా పచ్చటి పోచ కనబడని కాలంలో పశువు నోటికి అందుతుంది. కిందటి ఎండకాలం చొప్ప అయిపోయి గురువు ఆవు డొక్కలు ఎండుకుపోయాయి. ఆ బాధ చూడలేకనే ఆయన పశువుల డాక్టరును అడిగి ఈ గింజలు తెచ్చాడు.

భూమేశ్ నిలువునా చల్లబడిపోయాడు. "ఇప్పుడు చల్లుత, పెద్దయ్యా. ఇయ్యాల్నే చల్లుత."

"మక్క తలెత్తింది. ఇంత నీడల కొత్త గింజ నిలువది." గురువు బావి వైపు చూశాడు. "గా సాళ్లు ఎందుకు మిగిలినయ్?"

"మా వదినె ముచ్చట్లు పెట్టి లేవనియ్యలేదు."

"మంచిది" అన్నాడు గురువు. అంతే. తిట్టి ఉంటే భూమేశ్‌కు ఆ రోజు అన్నం సహించేది.

కాలం గడిచింది. మక్కలు ఇంటికి చేరాయి. చొప్ప కుప్ప అయింది. చలి పోయి ఎండలు ముదిరే నాటికి గురువు ఆవు నిండు చూలుతో ఉంది. చొప్ప కుప్ప కిందటి ఏడులాగే అడుగంటింది. చేను అంతా బోసిగా, పగుళ్లు తేలి, తెల్లగా మండిపోతోంది. బావి కాలువ పక్కన మాత్రం ఆ నాలుగైదు సాళ్లు నడుమెత్తు లేచి గాలికి ఊగుతున్నాయి. కోసిన చోట మళ్లీ చిగురిస్తున్నాయి. రోజూ పొద్దున ఆ గడ్డి కోసి ఆవు ముందు వేసే పని గురువు భూమేశ్‌కే చెప్పాడు. భూమేశ్ కొడవలి పట్టుకుని కోసేవాడు. ఆవు పరపరమని తినేది. దాని డొక్కలు నిండడం చూస్తే అతనికి ప్రాణం లేచి వచ్చేది. పీకిన సాళ్లు కూడా ఉండి ఉంటే అనుకునేవాడు.

కానీ ఓదెమ్మ ప్రయాణం సంగతి మాత్రం అతను మార్చుకోలేదు. పాఠం వల్లె వేసిన పిల్లవాడు లెక్క దగ్గరికి వచ్చేసరికి తికమకపడటం బడి చూసినవాళ్లకు తెలిసిందే. గడ్డి దగ్గర అర్థమైంది గడ్డి దగ్గరే ఆగిపోయింది.

పచ్చళ్లు పెట్టడం అయింది. జాడీలకు గుడ్డలు కట్టి, ఏది మొదట తీయాలో గంగమణికి రెండుసార్లు చెప్పి, ఓదెమ్మ సంచి సర్దుకుంది. బస్సు ఆగేది గురువు ఇంటి ఎదుటనే. భూమేశ్ సంచి పట్టుకుని ముందు నడిచాడు. ఆమె దారిలో ఎదురైన ప్రతి గడప దగ్గరా ఆగి పోయొస్తానని చెబుతూ వెనక వచ్చింది.

గురువు వాకిట్లోనే ఉన్నాడు. "ఓదెమ్మా, బస్సు వచ్చేదాక నీడకు రా. ఆవు ఈనింది" అన్నాడు.

ఇంటి పక్క కొట్టంలో ఎర్రటి కోడెదూడ తడబడుతూ నిలబడుతోంది. గురువు భార్య బెల్లం వేసి జున్ను వండింది. మొదటి గిన్నెను గురువు తానే తెచ్చాడు. రెండు చేతులతో ఓదెమ్మకు అందించాడు. గురువు చేతి నుంచి మొదటి ప్రసాదం శిష్యులకు పోవడం రివాజు. భూమేశ్ చెయ్యి అలవాటుగా సగం ముందుకు వచ్చి ఆగింది.

"నాకా, పెద్దయ్యా?" ఓదెమ్మ కంగారు పడింది.

"నీకే తల్లీ. ఈ ఎండలల్ల ఆవు పానంతోని ఉన్నదంటే నువ్వు మిగిల్చిన గడ్డితోనే. నేనే నీకు దండం పెట్టాల్సింది, గని నా చేతుల గిన్నె ఉన్నది."

"అయ్యో, నేనేం మిగిల్చిన? ముచ్చట్లు పెట్టుకుంట కూసున్న. వీడు తిడుతనే ఉండె."

"గదే."

ఆమె నవ్వింది. జున్ను కొద్దిగా నోట్లో వేసుకుని, గిన్నె ఒళ్లో పెట్టుకుని, మామూలుగానే మాటల్లో పడింది. "మా తమ్మునింట్ల గూడ ఆవు ఉన్నది, పెద్దయ్యా. దానికే పెద్ద కొట్టం. మనుషులకే జాగ తక్కువ. లోపల మంచం ఏసేటందుకు లేదు గని, ముందట రేకులున్నయ్. ఎండకాలం ఏం కాదు, గాలి వస్తది. వానకాలం సంగతి వానకాలం సూసుకోవచ్చు."

ఆమె ఎవరి మీదా నేరం పెట్టలేదు. దూడ చెవులు ఎంత పెద్దగా ఉన్నాయో కూడా అదే గొంతుతో చెప్పింది. భూమేశ్ మాత్రం విన్నాడు. ఇన్నేళ్లలో ఆమె మాటలను అతను చప్పుడుగా విన్నాడే తప్ప మాటగా వినడం అదే మొదలేమో. తన చిన్నప్పుడు జ్వరమొస్తే ఈ గొంతే కథలు చెప్పి నిద్రపుచ్చేది. ఆ సంగతి అతనికి ఇప్పుడు ఎందుకు గుర్తొచ్చిందో తెలియదు. అమ్మ పోయిన ఇల్లు మాటలు లేక చల్లబడకుండా కాసింది ఈమే కదా అనుకున్నాడు.

బస్సు హారన్ వినిపించింది. ఓదెమ్మ గబగబా లేచింది. "సంచి తే భూమేశా."

భూమేశ్ సంచిని తన భుజానికి తగిలించుకున్నాడు. లేవలేదు.

"కూసో వదినె. జున్ను తిను."

"బస్సు ఉంటదారా నా కోసం?"

"పోనియ్యి. జున్ను చల్లారుతది."

ఆమె అతని మొహం చూసింది. మెల్లగా కూర్చుంది. అంతసేపు మాట్లాడకుండా ఆమెను ఎవరూ చూసి ఉండరు. గిన్నె ఖాళీ అయ్యాక కొంగుతో కళ్లూ మూతీ కలిపి తుడుచుకుని, "ఇగ నుంచి నువ్వు కండ్లు మూసుకొని కూసుంటే నేను నోరు తెరువ తీ" అంది.

"మాట్లాడు వదినె. కోళ్లు బెంగపెట్టుకుంటయ్" అన్నాడు భూమేశ్.

ఓదెమ్మ దూడను నిమరడానికి కొట్టం లోపలికి పోయింది. దానికి ఏం పేరు పెట్టాలో తల్లి ఆవునే అడుగుతున్న మాటలు బయటికి వినబడుతున్నాయి. భూమేశ్ గురువు పాదాలకు మొక్కి, లేచి అన్నాడు:

"పెద్దయ్యా, ఇంట్ల, మనసుల ఏది కలుపో అని వానకాలం అడిగిన. మీరు దానికి జవాబు ఇయ్యనే లేదు."

గురువు రోడ్డు వైపు చూశాడు. దుమ్ము ఇంకా తేలుతోంది.

"బస్సు పోయిందా?"

"పోయింది."

"అయితే నన్నెందుకు అడుగుతున్నవ్?"