ముడి పడని రోజు

అనగనగా, కోళ్ళ కంటే ముందే మగ్గాలు మేలుకునే ఒక ఊళ్ళో మార్కండేయులు అని ఒక నేతగాడు ఉండేవాడు. ఆయన భార్య వరదమ్మ. వాళ్ళకు ఒక్కగానొక్క కూతురు మాణిక్యం. ముద్దుగా మాణి అని పిలిచేవాళ్ళు. నీ ఈడుదే బంగారం, ఎనిమిదేళ్ళది.

మార్కండేయులు నేసిన చీరంటే చుట్టుపక్కల మంచి పేరు. ఆయనకో పద్ధతి ఉండేది. నేస్తుండగా ఎక్కడైనా పోగు తప్పిందనుకో, అంచు మీద సరిగ్గా ఆ చోట ఎర్రదారంతో చిన్న ముడి వేసేవాడు. చీర దిగాక ముడులు లెక్కపెట్టుకునేవాడు. నేత నేర్చిన కొత్తలో చీరకు ఇరవై ఉండేవి. ఆ తర్వాత పది. పెళ్ళినాటికి ఒకటో, రెండో. ఒక్క ముడీ లేని చీర దిగిన రోజు ఆయన మీసాల కింద నవ్వు దాగేది కాదు.

మరి మాణి సంగతంటావా? ఒకచోట నిలిచే పిల్ల కాదు. నాలుగు ముద్దలు తినడానికి మూడుసార్లు లేచేది. రాట్నం ముందు కూర్చుని మగ్గం మీద అటూ ఇటూ పరిగెత్తే నాడెలోకి దారం కండెలు చుట్టమంటే, సగం కండె చుట్టి పిట్ట వెనకాల పోయేది. పిట్ట ఎగిరిపోతే, ఎందుకొచ్చిందో మరిచిపోయి అక్కడే చీమలబారు చూస్తూ నిలబడేది. మాట వినకూడదని కాదు. విన్న మాట లోపలికి దిగేలోగా ఇంకేదో కనబడేది, అంతే.

ఇంట్లో అయితే ఎలాగో జరిగిపోయింది. బడిలో జరగదుగా. అక్కడ కరుణాకరం మాస్టారని ఒకాయన. చెడ్డాయనేం కాదు. ఒక్క గది, నలభై రెండు మంది పిల్లలు, ఆయనొక్కడూ. మాణి పాఠం మధ్యలో లేచి కిటికీ దగ్గరికి పోయేది. అడక్కుండానే జవాబు అరిచేది. ఒకరోజు పక్కవాడి పలక లాక్కుంది. వాడు వదలకపోతే చెయ్యి కొరికింది కూడా.

అప్పుడు మాస్టారు మార్కండేయుల్ని పిలిపించారు. మొదటిసారి మెల్లగా చెప్పారు. రెండోసారి గట్టిగా చెప్పారు. మూడోసారి పిల్లలందరి ముందూ అనేశారు.

"నీ చేతిలో పోగు తప్పదంటారు. కన్నకూతుర్ని మాత్రం కుదురుగా కూర్చోబెట్టలేవేమయ్యా? నెల చూస్తాను. మారకపోతే బడి మాన్పించుకో."

మార్కండేయులు తల వంచుకుని ఇంటికొచ్చాడు. పడుగులో ఎన్ని వేల పోగులున్నాయో నోటి లెక్కతో చెప్పగలడు గాని, తన పేరు తను రాసుకోలేడు ఆయన. మాణి అయినా చదువుకుంటే చాలని ఉండేది. ఆ సాయంత్రం మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చున్నాడు గాని చెయ్యి ఆడలేదు. కూర్చుని కూర్చుని, చివరికి ఆయనకొక ఆలోచన వచ్చింది. నా తప్పులు ఎర్రదారంతోనే కదా పోయాయి, పిల్లవి మాత్రం ఎందుకు పోవు అనుకున్నాడు.

తెల్లారగానే బారెడు ఎర్రదారం కత్తిరించి మాణి సంచికి కట్టాడు. బడికి వెళ్ళి మాస్టారికి అప్పజెప్పాడు. పిల్ల చోటు వదిలి లేచినప్పుడల్లా ఒక ముడి, అడక్కుండా మాట్లాడినప్పుడల్లా ఒక ముడి వేయమన్నాడు. రోజుకో కొత్త దారం. సాయంత్రం ఎన్ని ముడులుంటే అన్ని కండెలు, కదలకుండా చుట్టాకే ఆట. మాస్టారికీ ఇది బాగానే ఉందనిపించింది.

వరదమ్మకే మింగుడుపడలేదు. "అది చీర కాదయ్యా, పిల్ల" అంది.

"ఆమాత్రం నాకు తెలీదటే" అన్నాడు మార్కండేయులు.

తెలీదు తల్లీ. అప్పటికి ఆయనకు తెలీదు.

మొదటి వారం రోజుకు ముప్ఫై ముడులు పడ్డాయి. ముప్ఫై కండెలు చుట్టేసరికి వీధిలో ఆడే పిల్లలంతా ఇళ్ళకు పోయేవాళ్ళు. మాణి ఏడ్చింది, కాళ్ళు కొట్టుకుంది, ఒకసారి రాట్నం తన్నింది. మార్కండేయులు కొట్టలేదు, తిట్టలేదు. దారం పట్టుకుని ఒక్కో ముడీ లెక్కపెట్టేవాడు, అంతే. ఏ ముడి ఎందుకు పడిందని మాత్రం ఒక్కనాడూ అడగలేదు.

రెండో వారం పన్నెండుకు దిగాయి. మూడో వారం నాలుగుకు దిగాయి. అప్పుడు మార్కండేయులు ఆ దారాన్ని పక్కింటి మగ్గాల వాళ్ళకు కూడా చూపించుకున్నాడు. వాళ్ళు ఊరుకుంటారా? "మా ఆవిడక్కూడా బారెడు కట్టించి పెట్టు బావా" అని ఒకడంటే, "ముందు నీకు కట్టించాలి" అని వాడి పెళ్ళాం లోపల్నుంచి అంది. అందరూ నవ్వారు. మార్కండేయులూ నవ్వాడు.

వరదమ్మ నవ్వలేదు. ఆమెకు మూడు సంగతులు కనబడ్డాయి. పిల్ల అన్నం ముందు నుంచి లేవడం లేదు, కాని సగం కంచంలోనే వదిలేస్తోంది. పిట్ట వాలితే తల తిప్పడం లేదు. బడి నుంచి వస్తూనే వంటింట్లోకి ఉరికొచ్చి, ఇవాళేం జరిగిందో తెలుసా అనడం లేదు.

మార్కండేయులితో చెప్పింది. "దారిలో పడుతోందిలేవే" అన్నాడు.

ఆ తర్వాత ఒక రోజొచ్చింది. సాయంత్రం మాణి వచ్చి గుమ్మంలో నిలబడింది. మార్కండేయులు సంచి అందుకుని చూశాడు. దారం ఈ కొస నుంచి ఆ కొస దాకా నున్నగా ఉంది. ఒక్క ముడీ లేదు.

ఆయనకు ఎంత సంతోషమనుకున్నావు. మగ్గం గుంటలోంచి ఒక్క గంతున పైకొచ్చి పిల్ల రెండు చేతులూ పట్టుకున్నాడు. చేతులు కాలిపోతున్నాయి. నుదురు ముట్టుకున్నాడు. పెనంలా ఉంది. పెదాలు ఎండి పగిలాయి. పావడా తడిసి, ఒంటికి అంటుకుని ఉంది.

"ఎప్పటి నుంచమ్మా ఈ జ్వరం?"

"పొద్దున బడికెళ్ళినప్పటి నుంచి."

"మాస్టారికి చెప్పకపోయావా? నీళ్ళయినా తాగకపోయావా? ఒంటేలుకైనా లేవకపోయావా?"

మాణి ఆయన చేతిలోని దారం వంక చూసింది.

"లేస్తే ముడి పడుతుంది కదా నాన్నా."

మార్కండేయులు సంచి పక్కన పడేశాడు. పిల్లను ఎత్తి భుజాన వేసుకున్నాడు. వరదమ్మ గబగబా వచ్చి తడి పావడా మార్చింది. మొగుణ్ణి ఒక్క మాటా అనలేదు. అని ఉంటే బాగుండునని ఆయనకు చాలాసార్లు అనిపించింది తర్వాత.

మూడు రోజులు జ్వరం కాసింది. డాక్టరు రెండుసార్లు వచ్చి వెళ్ళాడు. మార్కండేయులు మగ్గం ఎక్కలేదు. పిల్ల పక్కనే కూర్చుని తడిగుడ్డ మారుస్తూ ఉండిపోయాడు. మూడోరోజు మాస్టారు వచ్చి గడప బయటే నిలబడ్డారు. ఆ రోజు ముడి వేయక్కర్లేకపోయిందని సంతోషించానే గాని, పిల్ల ముఖం వంక చూడలేదయ్యా అన్నారు. మార్కండేయులు ఆయన్ని ఏమంటాడు? దారం ఇచ్చింది తనే కదా.

నాలుగోరోజు జ్వరం దిగింది. మార్కండేయులు ఎర్రదారం ఉండ మొత్తం తీసుకెళ్ళి పొయ్యిలో వేశాడు. బడికి వెళ్ళి, నా పిల్ల నిలబడి చదువుకున్నా పరవాలేదు, నడుస్తూ చదువుకున్నా పరవాలేదు, అట్లా కుదురుతుందంటేనే పంపిస్తాను అన్నాడు. మాస్టారు ఒప్పుకున్నారు. పలకలు పంచే పని, కుండలో నీళ్ళు పోసే పని, గంట కొట్టే పని, మూడూ మాణికే అప్పజెప్పారు. బడి మాన్పించే మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇంకేం, అంతా బాగుపడిందనుకుంటావు. మార్కండేయులూ అనుకున్నాడు. పిల్ల తేరుకున్నాక ఒకరోజు పొద్దున్నే వీధి మెట్ల దగ్గరికి తీసుకొచ్చి, "పో అమ్మా, ఆడుకో" అన్నాడు.

మాణి మెట్టు దిగలేదు. తల ఎత్తి అడిగింది.

"ఎంతసేపు నాన్నా?"

వేల పోగులు ఇట్టే లెక్క చెప్పే మనిషి, ఈసారి లెక్క చెప్పలేదు. నీ ఇష్టమమ్మా అన్నాడు. అది సరైన జవాబో కాదో తెలుసుకోవాలన్నట్టు పిల్ల ఆయన ముఖంలోకే చూస్తూ ఉంది.

అప్పుడు మార్కండేయులు పంచె ఎగ్గట్టి తనే వీధిలోకి దిగాడు. పిట్టల వెనకాల పరిగెత్తాడు. అరుగుల మీద వాళ్ళు పడీపడీ నవ్వారు, మార్కండేయులికి మతి పోయిందన్నారు. మాణి గుమ్మంలోంచి చూసింది, కదల్లేదు. రెండోరోజూ పరిగెత్తాడు. మాణి చిన్నగా నవ్వింది, కదల్లేదు. మూడోరోజూ పరిగెత్తి, ఆయాసంతో వంగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వెనక్కి చూశాడు. మాణి ఒక మెట్టు దిగి ఉంది.

ఒక్కటే మెట్టు.

ఆ పిల్లను కూర్చోబెట్టడానికి ఆయనకు మూడు వారాలు పట్టింది. మళ్ళీ లేపడానికి ఎన్నాళ్ళు పట్టిందో మాత్రం ఆయన చెప్పలేడు. లెక్కపెట్టడం మానేశాడు కదా మరి.

కథ నడిచింది కంచికి,
మనం మళ్ళాం ఇంటికి,
కునుకు రానీ కంటికి,
దుప్పటి కప్పుతా ఒంటికి.